కల్యాణ మండపంలో త్రీ నాట్ త్రీ

మా జిల్లాని నిశ్శబ్ద జిల్లాగా ప్రకటించిన రోజున బ్యాండు మేళం పెట్టారు. బాణసంచా కాల్చారు. మైకులో పెద్దలు వరసగా మాట్లాడారు. మైకు కీచుమంటుంటే, "ఈ జిల్లాలో మీరు వినే ఆఖరి చప్పుడు ఇదే" అన్నారు ఒక పెద్దాయన. జనం చప్పట్లు కొట్టబోయారు. కొట్టకూడదట, చేతులు పైకెత్తి గాల్లో ఊపాలట. అందరూ ఊపారు. నేనూ ఊపాను. ఊపకపోతే మెమో ఇస్తారు.

నా పేరు కింతలి పారినాయుడు. ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసులో రైటర్ని. రైటరంటే కథలు రాసేవాడనుకునేరు, కాదు. కాగితాలు రాసే హెడ్ కానిస్టేబుల్ని మా దగ్గర రైటరంటారు. అయితే ఏటేటా నేను పైకి పంపే నివేదికలు చదివినవాళ్ళు మీరు మొదట అనుకున్నదే నిజమంటారు. నిశ్శబ్దం మొదలయ్యాక, ఎక్కడ ఎక్కువ చప్పుడైనా దాని మీద రిపోర్టు రాసే పని కూడా నా మెడకే చుట్టారు.

నాకు జీవితంలో ఒకటే కోరిక. భుజం మీద ఒక్క నక్షత్రం. హెడ్ కానిస్టేబులుకి చేతి మీద పట్టీలుంటాయి గానీ భుజం మీద ఏమీ ఉండదు. ఏఎస్సై అయితే నక్షత్రం వస్తుంది. మా బామ్మర్దికి వచ్చింది. నాకంటే చిన్నవాడు, నేనే దగ్గరుండి పోలీసులో చేర్పించాను. ఇప్పుడు మా ఇంటికొస్తే మంచి కుర్చీలో వాడు కూర్చుంటాడు, నేను స్టూలు వేసుకుంటాను. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లెమ్మనలేదు. అలా జరిగిపోతుందంతే.

నాకు రాకపోవడానికి కారణం తుపాకీ. ఏటా ఫైరింగ్ పరీక్షలో మార్కులు రాకపోతే ప్రమోషన్ లేదు. మా దగ్గరున్నవి పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు. ఏ యుద్ధం కోసం చేశారో, ఏయే దేశాలు తిరిగి మా ఆయుధాల కొట్లోకి వచ్చిపడ్డాయో తెలీదు. నాకిచ్చే దాని కర్ర మీద ఎవడో సిపాయి మేకుతో చెక్కిన పువ్వుంది. ఆ పువ్వు చూసి మెత్తనిదనుకుంటే మోసపోతారు. పేల్చగానే భుజాన్ని ఒక్క తన్ను తంతుంది. కళ్ళు మూసుకుంటాను. గుండు కొండ మీదికి పోతుంది. ఏటా ఆ సాయంత్రం నా పెళ్ళాం పైడితల్లి గుడ్డలో ఉప్పు మూటకట్టి కాపడం పెడుతూ అడుగుతుంది.

"ఈయేడైనా తగిలిందేటి?"

"కొండకి తగిలిందే."

"కొండకి నానూ కొట్టగల్ను. దానికేటి గొప్ప?"

అలాంటి రోజుల్లో రెండు ఉత్తర్వులు ఒకే టపాలో వచ్చాయి. ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ మిక్సీలో కొబ్బరి చట్నీ చేసేటప్పుడు వచ్చేదానికంటే ఎక్కువ చప్పుడు రాకూడదని ఒకటి. ప్రతి పోలీసూ ఈ సంవత్సరం ఫైరింగ్ పరీక్ష తప్పకుండా పూర్తి చెయ్యాలని రెండోది. 

మా కమాండెంట్ విశ్వంభరరావుగారు వెంటనే సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో కాఫీ కావలసినా "తగు చర్య నిమిత్తము" అంటారని ఆయన ఆర్డర్లీ చెప్పాడు.

"ఈ రెండు ఉత్తర్వులు పరస్పర విరుద్ధములని కొందరు గుసగుసలాడుచున్నారు," అన్నారాయన. "ప్రభుత్వ ఉత్తర్వులు విరుద్ధములు కాజాలవు. మన అవగాహన మాత్రమే విరుద్ధముగా నుండును. కావున ఆరుబయట కాల్పులు రద్దు. ఇకపై గృహాంతర కాల్పులు జరుపవలెను."

"అంటే ఎవుల ఇంట్లో సార్?" అన్నాడు మస్తాన్. తుపాకులు బాగుచేసే ఆర్మరర్ అతను. నూనె వాసన లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు.

"పోలీసు సంక్షేమ కల్యాణ మండపమునందు. ఏసీ కలదు. తలుపులు మూసినచో శబ్దము వెలుపలికి రాదు."

మస్తాన్ మొహం పాలిపోయింది. "సార్, ఇది త్రీ నాట్ త్రీ. మండపంలో పేల్చీనామంటే గుండు గోడలోంచెల్లి, ఎనకాల ఉల్లిపాయల గొడౌన్లోంచెల్లి, రైలు పట్టాలు దాటీసి అప్పుడాగుద్ది. దానికి గోడంటే లెక్కలేద్సార్."

"అట్లయిన దాని శక్తిని తగ్గింపుము."

"ఎంత తగ్గించమంటారు?"

కమాండెంట్‌గారు పక్కనున్న గోడని తట్టి చూశారు. "గోడను గౌరవించునంత," అన్నారు.

నేను అప్పటికప్పుడే నోట్ రాశాను. 'అల్పశక్తి తూటా' అని పేరు పెట్టింది కూడా నేనే. ఆ పేరు పైవాళ్ళకి ఎంత నచ్చిందంటే తూటా తయారవకముందే అభినందన వచ్చేసింది.

మొదటి గృహాంతర ఫైరింగ్ ఒక శుక్రవారం. ముందురోజే అక్కడ పెళ్ళి జరిగింది. వేదిక మీద ఎర్ర ముఖమల్ కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. వాటి వెనక థర్మోకోల్ హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి. వధూవరుల కుర్చీల మధ్య టార్గెట్టు వేలాడదీశారు. బూట్లు టకటకమంటాయని మమ్మల్ని చెప్పులతో రమ్మన్నారు. మేం ఎదురుగా తివాచీ మీద బోర్లా పడుకున్నాం. మోచేతులకి అక్షింతలు అంటుకున్నాయి. మాలో ఎవరో చేతికందిన పూలరేకులు ఏరుకుంటుంటే కమాండెంట్‌గారు కసిరారు.

ముందు నూకరత్నం కాల్చింది. మాలో గురి తప్పని మనిషంటే ఆ పిల్లే. చిన్నప్పుడు జీడితోటల్లో ఉడతల్ని తోలిన చెయ్యి. అప్పడం విరిగినట్టు 'టప్' మంది, సరిగ్గా నడిమధ్యన చిల్లు పడింది. తర్వాత నా వంతు. ఈసారి తుపాకీ తన్నలేదు. చిన్నగా భుజం తట్టిందంతే. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇన్నేళ్ళకి ఇది నాతో మర్యాదగా ప్రవర్తించింది. ఆ సంతోషంలో కళ్ళు మూసుకోవడం మాత్రం మానలేదు. కళ్ళు తెరిచేసరికి ఎడమవైపు హంసకి తల లేదు.

మండపం మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "సాయంత్రం ఇంకో ముహూర్తముంది బాబూ! తలకాయలేని హంస ముందు పెళ్ళికూతుర్ని ఎలాగ కూకోబెట్టమంటారు? పెళ్ళోరు నన్ను నరికీరా?"

కమాండెంట్‌గారు వేదికెక్కి హంసని క్షుణ్ణంగా పరిశీలించారు. "తూటా యందు ఇంకను అహంకారము మిగిలియున్నది. మరింత తగ్గింపుడు," అని ఆదేశించారు.

మస్తాన్ మరింత తగ్గించాడు. మర్నాడు ట్రిగ్గరు నొక్కితే గుండు గొట్టం చివరిదాకా వచ్చింది. బయటికి తొంగి చూసింది. మెల్లగా తివాచీ మీదికి జారిపడి, పడుకున్న కానిస్టేబులు ముక్కు దగ్గరికి దొర్లుకొచ్చి ఆగింది.

"శబ్దము?" అన్నారు కమాండెంట్‌గారు.

"లేద్సార్."

"నష్టము?"

"లేద్సార్."

"చూచితిరా! ఇది కదా క్రమశిక్షణ గల తూటా."

"టార్గెట్టుకి తగల్లేద్సార్," అంది నూకరత్నం.

ఆ మాటకి ఆయనకి కోపం రాలేదు. పిల్లల అమాయకత్వం చూసి నవ్వినట్టు నవ్వారు. "సకల సేవలు పౌరుని గడప చెంతకే చేరుచున్న ఈ కాలమున, తూటా కొరకు లక్ష్యము నాలుగడుగులు ముందుకు రాజాలదా?"

టార్గెట్టుని వేదిక దింపారు. ముందు వరస కుర్చీల దగ్గర పెట్టారు. అందలేదు. ఇంకాస్త జరిపారు. అలా జరిపి జరిపి గొట్టం మూతికి ఆనించేదాకా తెచ్చారు. అప్పుడు కాల్చాను. కళ్ళు తెరిచి చూస్తే మధ్య గడిలో మసిబొట్టు! నా సర్వీసులో మొదటిసారి నా గుండు ఎక్కడ పడిందో నా కళ్ళతో చూశాను. నాకు నిజంగా కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కన నూకరత్నం కూడా కళ్ళు తుడుచుకుంది గానీ ఆ పిల్ల కారణం వేరే అనుకుంటా.

ఇంటికెళ్ళేసరికి పైడితల్లి ఉప్పు వేయించి మూట కట్టి సిద్ధంగా ఉంది. చొక్కా విప్పించి భుజం అటూ ఇటూ తిప్పి చూసింది. కమిలిన మచ్చ లేదు.

"నిజిం సెప్పు, ఫైరింగుకే ఎల్లేవా? మరెక్కడికైనా ఎల్లేవా?"

"ఫైరింగుకే. మధ్యలో తగిలింది."

"ఎవులికి?" అంది పాపం, కంగారుగా.

అంతా బాగుందనుకునేసరికి లెక్కల తనిఖీవాళ్ళు వచ్చారు. చిల్లో మసో పడిన టార్గెట్టు మళ్ళీ వాడుకోవడానికి పనికిరాదు కాబట్టి, ప్రతి కాల్పూ ప్రభుత్వ ఆస్తికి నష్టమేనని తేల్చారు. గురి తప్పినవాడు ఆస్తిని కాపాడినట్టు, గురి చూసి కొట్టినవాడు పాడుచేసినట్టు అయింది. నూకరత్నానికి సంజాయిషీ నోటీసు నేనే టైపు చేశాను. ఏం చేస్తాను, నా పని అది.

నాకింకో బెంగ ఉంది. గొట్టానికి ఆనించి కాల్చినా, నీరసపడిన ఆ గుండు ఒక్కోసారి కిందికి జారి పక్క గడిలో మచ్చ చేస్తోంది. నా మార్కులు పూర్తి మార్కులకి కాస్త ఇవతలే ఆగిపోతున్నాయి. నక్షత్రం కనపడుతోంది గానీ చేతికందడం లేదు. అప్పుడే నా బుర్ర పనిచేసింది. పనిచెయ్యకుండా ఉండాల్సింది.

"సార్," అన్నాను, "గుండు ఎటూ గొట్టం దాటడం లేదు. దాని బదులు గొట్టం చివర ఒక రబ్బరు స్టాంపు బిగిస్తే? చిల్లు పడదు. మచ్చ చెదరదు. కాగితం రెండోవైపు కూడా వాడుకోవచ్చు."

కమాండెంట్‌గారు కుర్చీలోంచి లేచారు. నా సర్వీసులో ఏ అధికారీ నన్ను చూసి లేవలేదు. "పారినాయుడూ," అన్నారు, "కార్యాలయమునకును యుద్ధరంగమునకును నడుమనున్న గోడను నేడు నీవు కూల్చితివి."

గుండ్రటి స్టాంపు చేయించారు. మధ్యలో 'లక్ష్యము చేరినది' అని ఉంటుంది. పూర్వం బాయినెట్టు తగిలించే చోట మస్తాన్ దాన్ని బిగించాడు. చివరికి నూనెగుడ్డతో గొట్టం తుడుస్తూ అన్నాడు. "దీన్నింత అవమానం సేసినా ఒక్క మాటనదు నాయుడన్నా. నోరు లేదు కదా. ఉండీది, మనమే తీసీసేం."

ఆ కర్ర మీది పువ్వు వైపు చూడలేకపోయాను. కానీ నక్షత్రం మీది ఆశ చెడ్డది. మాట తప్పించి ఇంకుప్యాడు ఎక్కడుందని అడిగాను.

ఇక చెప్పేదేముంది? స్టాంపు వెయ్యడమే నా బతుకంతా. కళ్ళు మూసుకుని వేసినా వంకర పోదు, అలికిపోదు, అంచు దాటదు. రిజర్వు మొత్తానికి నేనే మొదటి గురికాణ్ణయ్యాను. నూకరత్నం మాత్రం స్టాంపు తలకిందులుగా వేసింది. పాపం ఆ పిల్ల గురి చూసింది గానీ అక్షరాలు చూడలేదు.

ఒక్క చిక్కు వచ్చింది. కాల్పు వినపడితే గానీ మార్కు వెయ్యకూడదని పాత నిబంధనల పుస్తకంలో ఉందట. దానికీ కమాండెంట్‌గారే మార్గం చూపించారు. కాల్చేవాడు నోటితో 'ఠాం' అనాలి. అది మిక్సీ కంటే తక్కువగా, గుసగుస కంటే ఎక్కువగా ఉండాలి. రోజూ పొద్దున్నే పరేడ్ గ్రౌండులో వరసగా నిలబడి 'ఠాం' అభ్యాసం చేశాం. గొంతు పెంచినవాళ్ళ మీద నేను రిపోర్టు రాశాను. ఇంట్లో కూడా మెల్లగా సాధన చేస్తుంటే పైడితల్లి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

జిల్లా మొత్తం నూటికి నూరు మార్కులు వచ్చేసరికి రాజధాని నుంచి పరిశీలక కమిటీ దిగింది. వాళ్ళకోసం మండపాన్ని మామిడాకులతో అలంకరించారు. హంసకి కొత్త తలకాయ అతికించారు. అది పాతదానికంటే కాస్త పెద్దదయింది. కమిటీ అధ్యక్షులు పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చున్నారు. పెళ్ళికూతురు కుర్చీలో కూర్చోవడానికి కమాండెంట్‌గారు కాస్త సిగ్గుపడి, తర్వాత కూర్చున్నారు. నేను ముందు వరసలో రైఫిలు పట్టుకుని పడుకున్నాను. ఇవాళ బాగా జరిగితే నా ఫైలు కదులుతుందని కమాండెంట్‌గారు పొద్దున్నే మాటిచ్చారు.

స్టాంపులు ఇంకులో ముంచాం. టార్గెట్లు మా గొట్టాల మూతుల ముందుకొచ్చాయి. సరిగ్గా అప్పుడు వేదిక కిందనుంచి ఒక పందికొక్కు బయటికొచ్చింది. పెళ్ళి భోజనాలు తిని తిని చిన్న కుక్కంత అయింది. తీరిగ్గా వేదికెక్కి, అధ్యక్షులవారి బూటు వాసన చూసింది.

ఆయన కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నారు. "ఏం చూస్తున్నారు? సాయుధ దళం కాదా మీరు?"

"స్క్వాడ్!" అని కేకేశారు కమాండెంట్‌గారు, అంత కంగారులోనూ మిక్సీ లోపే. "ఫైర్!"

వరసంతా ఒక్క గొంతుతో "ఠాం" అంది.

పందికొక్కు మా వైపు చూసింది. ఎందుకంటున్నామో దానికి అర్థమైనట్టు లేదు. రెండోసారి "ఠాం" అన్నాం. అది అధ్యక్షులవారి బూటు తాడు కొరకడం మొదలెట్టింది.

"ముందుకు సాగి స్టాంపు వేయుడు!" అన్నారు కమాండెంట్‌గారు. ఇద్దరు సాగారు. పందికొక్కు ఎగిరింది. ఒకడి స్టాంపు అధ్యక్షులవారి తెల్లప్యాంటు మీద పడింది. మోకాలి కింద 'లక్ష్యము చేరినది' అని చక్కగా పడింది.

ఇంతలో నా చెవి పక్కనుంచి ఏదో రివ్వున వెళ్ళింది. చెప్పు. పందికొక్కు నెత్తిన ఠపీమని తగిలింది. అది వేదిక మీంచి దొర్లి తలుపులోంచి పరారైంది. వెనక్కి తిరిగి చూస్తే నూకరత్నం ఒంటికాలి చెప్పుతో నిలబడి ఉంది. "ఏటి సేమంటారు సార్, దానికి సదువు రాదు కదా," అంది.

మండపంలో ఎవరికి వారికే తెలీకుండా చప్పట్లు మోగాయి. చేతులు ఊపడం మరిచిపోయారు. నా మటుకు నేను గట్టిగానే కొట్టాను. తర్వాత దాని మీద రిపోర్టు రాసింది కూడా నేనే, చప్పట్లు కొట్టినవారి పేర్లు తెలియరాలేదని.

కమిటీ నివేదిక త్వరగానే వచ్చింది. దళం సంసిద్ధత అమోఘం. లక్ష్యం సహకరించలేదు. సదరు పందికొక్కు ఆమోదించిన టార్గెట్ల జాబితాలో లేదు కనుక అది తప్పించుకోవడాన్ని వైఫల్యంగా పరిగణించరాదు. అనుమతి లేని ఆయుధాన్ని చప్పుడయ్యేలా ప్రయోగించినందుకు నూకరత్నానికి మెమో. చెప్పుని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు. ఆ పిల్ల ఇంటికి ఒంటి చెప్పుతోనే వెళ్ళింది.

వారం తిరక్కుండా కమాండెంట్‌గారు నన్ను పిలిచి ఉత్తర్వు చేతికిచ్చారు. శ్రీ కింతలి పారినాయుడుకి ఏఎస్సైగా పదోన్నతి కల్పించడమైనది! అక్కడితో ఆపి దాన్ని కళ్ళకద్దుకున్నాను. తర్వాత కిందిది చదివాను.

'అయితే సదరు ఉద్యోగి తన అర్హతను గృహాంతర అల్పశక్తి విధానమున సంపాదించినందున, ఈ పదోన్నతి గృహాంతరమున మాత్రమే చెల్లును. ఆరుబయట సదరు ఉద్యోగి యథావిధిగా హెడ్ కానిస్టేబులుగా పరిగణింపబడును.'

"సార్!" అన్నాను. నా గొంతు మిక్సీ దాటింది. "ఇదేం అన్యాయం సార్? తలుపు దాటితే ఏఎస్సైని కానా?"

"ఉత్తర్వు సహేతుకముగనే యున్నది."

"మరి వరండాలో సార్? అక్కడ నేనేటి?"

ఆయన నిజంగానే ఇరుకున పడ్డారు. "వరండాకు పైకప్పు కలదు. గోడ లేదు. ఇది విధాన నిర్ణయము. స్పష్టత కొరకు పైకి వ్రాసెదను. అంతవరకు వరండాలో వేగముగా నడువుము."

ఆ సాయంత్రం నక్షత్రాన్ని జేబులో వేసుకుని ఇంటికి నడిచాను. దారిలో ఎదురైనవాళ్ళు "ఏం హెడ్డుగారూ" అని పలకరించారు. ఒక్కొక్కరి పీకా నులమాలనిపించింది. తప్పు వాళ్ళది కాదు. ఇంట్లోకి అడుగు పెట్టి, తలుపు మూసి, భుజానికి నక్షత్రం తగిలించుకున్నాను. కుడి భుజానికే ముందు. ఏటా కమిలిపోయే చోటు అదే.

పైడితల్లి వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి నిలబడిపోయింది. నవ్వలేదు. దగ్గరికొచ్చి వంకరగా ఉన్న నక్షత్రాన్ని సరిచేసింది. చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

"వచ్చీసిందా?" అంది. కళ్ళు మెరిశాయి. "ఉండు, సీర మార్సుకొస్తాను. మా తమ్ముడింటికెల్దాం. ఆడింట్లో మంచి కుర్సీలో నువ్వు కూకోవాల."

"అంతదూరం చెల్లదే."

"మరెక్కడదాకా సెల్లుద్ది?"

"గుమ్మందాకా."

ఉత్తర్వు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. ఆపైన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి జారబడింది.

"ఏటయ్యా, ఇంట్లో నిన్ను ఏఎస్సైని సేసేరా? ఇన్నాళ్ళబట్టీ ఈ ఇంట్లో సీఐని నాను! నన్ను అడక్కుండా నా టేసన్లోకి మనిషినెలాగ ఏసీసేరు ఆళ్ళు?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అటెన్షన్లో నిలబడ్డాను.

"సర్లే, నిలబడింది సాలు. పెరట్లో పందికొక్కు సేమదుంపలు తవ్వీస్తంది. కర్రట్టుకుని ఎల్లు."

"పెరడు ఆరుబయట కదే. అక్కడ నేను హెడ్డునే."

"ఆ మాత్రం దానికి హెడ్డు సాలు."

గుమ్మం దగ్గర నక్షత్రం విప్పి ఆమె చేతిలో పెట్టి, కర్ర తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. చేమమొక్కల మధ్య వీపు కనిపించింది. అడుగులో అడుగేసుకుంటూ దగ్గరికెళ్ళాను. కర్ర ఎత్తాను. ఈసారి కళ్ళు కూడా మూసుకోలేదు. సరిగ్గా అందే దూరంలో ఉంది. చెయ్యి దిగాల్సిన సమయానికి నోరు తెరుచుకుంది.

"ఠాం," అన్నాను.

పందికొక్కు నా వైపు ఒకసారి చూసి మళ్ళీ తవ్వుకోసాగింది. వెనక గుమ్మంలోంచి పైడితల్లి నవ్వు వినపడింది. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది, ఎన్ని మిక్సీలకో సమానం. రిపోర్టు రాయవలసినవాణ్ణి నేనే. రాయలేదు.